దొడ్డిగుమ్మం తాళం ఎవరి దగ్గర ఉండాలి?

పలకడం మానేసిన పరికరాన్ని మన వృత్తిలో “బ్రిక్” అయిపోయిందంటాం. అంటే ఇటుక అయిందని. ఇటుకను ఇలా చిన్నబుచ్చడం నాకెప్పుడూ నచ్చలేదు. ఇటుకతో గోడైనా కట్టుకోవచ్చు. ఫర్మ్‌వేరు అప్‌డేటు మధ్యలో ప్రాణం పోయిన బిట్‌కాయిన్ మైనరుతో ఏం కట్టుకుంటాం? ఫ్యాన్లు గిర్రున తిరుగుతూనే ఉంటాయి, కరెంటు కొంత కాలుతూనే ఉంటుంది. నెట్‌వర్కులో మాత్రం ఆ పెట్టె ఎక్కడా కనబడదు.

ఈసారి ఈ ఇటుకల గురించే రాయాలనుకుంటున్నాను. బిట్‌కాయిన్ మంచిదా చెడ్డదా, అది డబ్బా కాదా, దానికంత కరెంటు తగలెయ్యడం న్యాయమేనా అన్న చర్చ ఇక్కడ పెట్టను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అనేవాళ్ళుంటారు. వాళ్ళతో నాకు పెద్దగా తగాదా లేదు. నా ప్రశ్న వేరు. డబ్బిచ్చి కొనుక్కున్న యంత్రం అప్‌డేటు వికటించి పడిపోతే, దాన్ని లేపుకునే దారి కొన్నవాడి చేతిలో ఉండాలా, తయారుచేసినవాడి చేతిలోనే ఉండాలా? మనలో చాలామందిమి ఇలాంటి సాఫ్ట్‌వేరు రాసే బతుకుతున్నాం కాబట్టి ఈ ప్రశ్న మైనింగు చేసేవాళ్ళకే కాదు, మనకీ తగులుతుంది.

నేను ఇరవయ్యేళ్ళకు పైగా ఎంబెడెడ్ సాఫ్ట్‌వేరులో పనిచేస్తున్నాను. మైనింగు నా వ్యాపారం కాదు. కానీ టెక్సాస్‌లో ఉంటున్నాను కాబట్టి పాత మైనర్లు కొని గరాజులో పెట్టుకున్న స్నేహితులకు కొదవలేదు. పెట్టె పలకనప్పుడు వాళ్ళకి నేను గుర్తొస్తాను. “గురువుగారూ, అప్‌డేటు కొట్టాను, మళ్ళీ పైకి రాలేదు” అన్న వాక్యం ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు. అందులో కొన్ని పెట్టెలు పది నిమిషాల్లో లేచాయి, కొన్ని అసలు లేవలేదు. తేడా నా చేతివాటంలో లేదు, ఆ బోర్డు డిజైనులో ఉంది.

ముందు పెట్టె లోపల ఏముంటుందో చూద్దాం. 2016లో వచ్చిన యాంట్‌మైనర్ ఎస్9ని తీసుకుందాం. ఈ రంగంలో పాత అంబాసిడర్ కారు లాంటిది. మూడు హ్యాష్ బోర్డులు, ఒక్కోదాని మీద 63 చిప్పులు, మొత్తం 189. లెక్కలన్నీ అవే చేస్తాయి. వాటికి పని పంచిపెట్టేదీ, ఫ్యాన్ల వేగం చూసేదీ, ఇంటర్నెట్టుతో మాట్లాడేదీ మాత్రం ఒక చిన్న కంట్రోల్ బోర్డు. దాని మీద జైలింక్స్ వారి జింక్ చిప్పు, కొంచెం ర్యామ్, ఫర్మ్‌వేరు దాచుకునే నాండ్ ఫ్లాష్ ఉంటాయి. లోపల నడిచేది మనకందరికీ తెలిసిన లినక్సే. అన్నట్టు, ఈ జైలింక్స్‌కి హైదరాబాదులో పెద్ద కేంద్రమే ఉంది. 2022లో ఏఎండి కొన్నాక అది ఏఎండి పేరుతో నడుస్తోంది. ఈ వ్యాసం చదివేవాళ్ళలో ఆ చిప్పు కోసం పనిచేసినవాళ్ళూ ఉండొచ్చు.

అప్‌డేటు అంటే ఆ ఫ్లాష్‌లో పాతది చెరిపి కొత్తది రాయడం. చెరపడానికీ రాయడానికీ మధ్య కరెంటు పోతే అక్కడ పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. ఇది ఒక రకం చావు. రెండో రకం, వేరే బోర్డుకి తయారైన ఫైలు ఎక్కించడం. ఎస్19 తరానికి వచ్చేసరికి బయటికి ఒకేలా కనబడే మైనర్ల లోపల జింక్, బీగల్‌బోన్, ఆమ్‌లాజిక్, సీవీటెక్ అని రకరకాల కంట్రోల్ బోర్డులు వచ్చాయి. పెట్టె మీద పేరు ఒకటే, లోపలి బోర్డు వేరు. రోగమొకటి మందొకటి అయితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇక మూడో రకం చావులో కంట్రోల్ బోర్డు బాగానే ఉంటుంది. హ్యాష్ బోర్డు మీది చిన్న జ్ఞాపకపు చిప్పులో రాతలు చెడిపోయి, ఆ బోర్డుని కంట్రోల్ బోర్డు గుర్తుపట్టదు. ఈ మూడింటికీ వైద్యం ఒకటి కాదు. పెట్టె పలకడం లేదనగానే ఇంకో ఫైలు, ఇంకో ఫైలు అంటూ ఎక్కిస్తూ పోతే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

ఎస్9 కంట్రోల్ బోర్డు చచ్చిపోతే లేపడం చాలా తేలిక. బోర్డు మీద జేపీ4 అని రాసివున్న జంపరు ఒకటి ఉంటుంది. కరెంటు తీసేసి, ఆ జంపరు స్థానం మార్చి, సరైన ఫర్మ్‌వేరు వేసిన చిన్న మైక్రో ఎస్‌డి కార్డు పెట్టి, మళ్ళీ కరెంటిస్తే బోర్డు ఫ్లాష్‌ని పక్కనపెట్టి కార్డులోంచి లేస్తుంది. కార్డులోని ప్రోగ్రాము ఫ్లాష్‌ని మళ్ళీ రాస్తుంది. లైట్లు పని అయిందని చెప్పాక కరెంటు తీసి, కార్డు తీసేసి, జంపరు యథాస్థానంలో పెడితే అయిపోయినట్టే. సోల్డరింగు లేదు, ఖరీదైన పనిముట్లు లేవు. కార్డు ఖరీదు ఒక కాఫీ అంత.

ఇది ఎందుకు పనిచేస్తుందో అర్థం చేసుకుంటే నా వాదన సగం అర్థమైనట్టే. జింక్ చిప్పు లోపల, సిలికాన్‌లోనే, కొద్దిపాటి కోడు పోతపోసి ఉంటుంది. బూట్ రామ్ అంటాం. కరెంటు రాగానే మొదట నడిచేది అదే. ఏ అప్‌డేటూ దాన్ని తాకలేదు, ఏ కరెంటుకోతా చెరపలేదు. అది నిద్రలేచి కొన్ని పిన్నుల స్థితి చూసి, తర్వాతి ప్రోగ్రాము నాండ్‌లోంచి తీసుకోవాలా కార్డులోంచి తీసుకోవాలా అని నిర్ణయించుకుంటుంది. జంపరు మార్చడమంటే ఆ పిన్నుల స్థితి మార్చడమే. అంటే ఇంట్లో ఎంత గందరగోళం జరిగినా చెక్కుచెదరని ఒక దొడ్డిగుమ్మం ఉంది. వీధి గుమ్మం కూలిపోతే అటునుంచి లోపలికెళ్ళి ఇల్లు సర్దుకోవచ్చు.

ఈ గుమ్మాన్ని పెట్టడానికి ఎవరో ఇంజనీరు కొన్ని సెంట్ల భాగాలు, బోర్డు మీద గోరంత చోటు ఖర్చుపెట్టాడు. ఎవరో మేనేజరు ఒప్పుకున్నాడు. ఆ చిన్న నిర్ణయం వల్ల ఎన్ని వేల పెట్టెలు చెత్తకుప్పకి పోకుండా నిలబడ్డాయో! నేటికీ చలిదేశాల్లో కొందరు ఎస్9ని గది వెచ్చబెట్టుకునే హీటరుగా వాడుకుంటున్నారు. దాదాపు 1350 వాట్ల కరెంటు తాగి అంత వేడినీ గదిలోకే వదులుతుంది కాబట్టి హీటరుకేమీ తీసిపోదు. లాభం కోసం చూసేవాడు ఎప్పుడో వదిలేసిన యంత్రానికి ఇలా రెండో జన్మ దొరికిందంటే, కొత్త యజమాని దానికి తనకి కావలసిన ఫర్మ్‌వేరు పెట్టుకోగలగడం అందుకు ఒక ముఖ్య కారణం.

తరవాతి తరాల్లో ఈ గుమ్మం సన్నబడుతూ వచ్చింది. కొన్ని బోర్డుల్లో కార్డు పెట్టే చోటు ఉంటుంది కానీ తయారీదారు సంతకం లేని ఫైలుని ఒప్పుకోదు. కొన్నింట్లో కార్డు చోటే ఉండదు. యూఎస్‌బీ తీగ, ప్రత్యేకమైన ప్రోగ్రాము, సరిగ్గా ఆ బోర్డుకి సరిపోయే ఫైలు సంపాదించాలి. కొన్నింట్లో సీరియల్ పిన్నులకి తీగలు తగిలిస్తే బూట్‌లోడరు మాటలు తెరమీద కనబడతాయి గానీ, మనం చెప్పేది వినదు.

నా మిత్రుడొకడి అనుభవం చెబుతాను. తయారీదారు పేరు ఇక్కడ అనవసరం. వాళ్ళు స్వయంగా పంపిన అప్‌డేటే వేశాడు, వాళ్ళు చెప్పిన పద్ధతిలోనే వేశాడు. పెట్టె లేవలేదు. సీరియల్ తీగ పెట్టి చూస్తే సంతకం సరిపోలేదని చెప్పి అక్కడే ఆగిపోతోంది. లోపల హార్డువేరు నిక్షేపంలా ఉంది. రిపేరు కేంద్రానికి పంపమన్నారు. రానూపోనూ రవాణా ఖర్చు అతనిదే. పెట్టె తిరిగొచ్చేసరికి వారాలు గడిచాయి. అక్కడ వాళ్ళేం చేశారో రసీదు మీద ఒక్క ముక్క ఉంది, “ఫర్మ్‌వేరు తిరిగి ఎక్కించాం” అని. గరాజులో పది నిమిషాల పని! మైనింగులో వారాలంటే మాటలు కాదు. 2024 ఏప్రిల్‌లో ఒక్కో బ్లాకుకి వచ్చే బహుమతి 6.25 నుంచి 3.125 బిట్‌కాయిన్లకి తగ్గింది. సన్నటి లాభం మీద నడిచేవాడికి ఆగిపోయిన ప్రతి రోజూ నష్టమే.

తాళాలు వేసేవాళ్ళ పక్షాన కూడా బలమైన కారణాలున్నాయి. 2019 జనవరిలో ‘హాంట్’ అనే వైరసు చైనాలో మైనర్లకి పట్టిందని వార్తలొచ్చాయి. పది బిట్‌కాయిన్లు ఇవ్వు, లేదా ఈ రోగం వెయ్యి యంత్రాలకి అంటించు, కాదంటే ఫ్యాన్లూ వేడి కాపలా ఆపేసి యంత్రాన్ని కాల్చేస్తాను అని బెదిరించేది. అందరూ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డే ఉంచేసుకుని, ఎవడు పడితే వాడు ఏ ఫర్మ్‌వేరు పడితే అది ఎక్కించగలిగితే ఇలాగే అవుతుంది. సుమారు ఆ ఏడాది నుంచే తయారీదారులు ఎస్ఎస్‌హెచ్ మూసెయ్యడం, సంతకం లేని ఫైళ్ళని తిప్పికొట్టడం ఎక్కువైంది. వీధి గుమ్మానికి తాళం వెయ్యడం తప్పని నేను అనను. నేను డిజైను చేసినా అదే చేస్తాను.

కానీ వైరసు వచ్చింది వీధి గుమ్మంలోంచి, అంటే నెట్‌వర్కులోంచి. ప్రపంచంలో ఏ వైరసూ వైరు మీద ప్రయాణం చేసి వచ్చి జంపరు తీసి పక్క పిన్నుల మీద పెట్టలేదు. పెట్టె మూత విప్పి, స్క్రూ తీసి, బోర్డు మీద చెయ్యి పెట్టగలిగేవాడు దాని యజమానో, యజమాని నమ్మినవాడో అయివుంటాడు. దొంగే అయితే పెట్టెనే ఎత్తుకుపోతాడు, ఫర్మ్‌వేరుతో వాడికేం పని? దారిలో ఎవరో మూత విప్పి ఏదో మార్చారేమోనన్న భయం ఉంటే, గుమ్మం తెరిచినట్టు చెరగని గుర్తు పడేలా చేస్తే సరిపోతుంది. పాత క్రోమ్‌బుక్కుల్లో ఈ సూత్రమే వాడారు. మామూలుగా అన్నీ తాళాల్లో ఉంటాయి. మూత విప్పి లోపలి స్క్రూ ఒకటి తీస్తే ఫర్మ్‌వేరు మార్చుకోవచ్చు. భద్రతకీ యాజమాన్యానికీ పొత్తు కుదరదన్న మాట నిజం కాదని చూపించడానికి ఈ ఒక్క స్క్రూ చాలు.

తమాషా ఏమిటంటే, యజమానికి దొడ్డిగుమ్మం వద్దన్న పరిశ్రమలోనే తయారీదారుకి దొడ్డిదారి దొరికింది. 2017 ఏప్రిల్‌లో ‘యాంట్‌బ్లీడ్’ పేరుతో బయటపడ్డ సంగతి గుర్తుందా? యాంట్‌మైనర్ ఫర్మ్‌వేరులో, కొన్ని నిమిషాలకోసారి తయారీదారు సర్వరుని పలకరించే కోడు కనబడింది. సర్వరు వద్దంటే యంత్రం మైనింగు ఆపేస్తుంది. దొంగతనానికి గురైన యంత్రాలను యజమానులు అదుపు చేసుకోవడానికి మొదలుపెట్టి, పూర్తి చెయ్యకుండా వదిలేసిన సౌకర్యమని బిట్‌మెయిన్ కంపెనీ సంజాయిషీ ఇచ్చి, దాన్ని తీసేస్తూ కొత్త ఫర్మ్‌వేరు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే అనుకుందాం. ఆ కోడు అంత తొందరగా బయటపడటానికి కారణం దాని సోర్సు బయట ఉండటం. తీసేసిన ఫర్మ్‌వేరుని యజమానులు వెంటనే ఎక్కించుకోగలగడానికి కారణం గుమ్మం తెరిచి ఉండటం. రెండూ మూసేసి ఉంటే?

సోర్సు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. చాలా మైనర్లలో నడిచే ప్రోగ్రాముకి మూలం సీజీమైనర్. ఆస్ట్రేలియాలో మత్తుమందు డాక్టరుగా పనిచేస్తూ లినక్స్ కెర్నెలు మీద కూడా పేరు తెచ్చుకున్న కాన్ కొలివాస్ రాసినది. దాని లైసెన్సు జీపీఎల్ మూడో కూర్పు. 2007లో ఆ కూర్పు రావడానికి ఒక ముఖ్య కారణం టీవో అనే వీడియో రికార్డరు. అందులోని లినక్స్ సోర్సు ఇచ్చేవారు, కానీ మార్చి ఎక్కిస్తే పెట్టె నడిచేది కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, లైసెన్సు ఇచ్చిన హక్కుని తాళంచెవి మింగేసింది. అందుకని ఇళ్ళలో వాడే వస్తువుల విషయంలో, సోర్సుతో పాటు ఎక్కించుకోవడానికి కావలసిన సమాచారమూ ఇవ్వాలని మూడో కూర్పులో చేర్చారు. మైనరు ఇంటి వస్తువా, ఫ్యాక్టరీ వస్తువా అని లాయర్లు వాదించుకోవచ్చు. గరాజులో ఉన్నదాన్నీ, పడగ్గది వెచ్చబెట్టేదాన్నీ ఇంటి వస్తువు అనకుండా ఇంకేమంటాం అన్నది నా పామరపు సందేహం.

మైనర్లతో మనకేం పని అనుకునేవాళ్ళు మన చుట్టూ ఉన్న మిగతా పెట్టెలు చూడండి. 2017 ఆగస్టులో లాక్‌స్టేట్ అనే కంపెనీ ఒక మోడలుకి చెందిన ఫర్మ్‌వేరుని ఇంకో మోడలు తాళాలకి పంపింది. వందలాది ఇళ్ళ తలుపులకున్న తాళాలు మొద్దుబారాయి. మళ్ళీ అప్‌డేటు పంపి బాగుచేద్దామంటే నెట్‌వర్కు అందదు. తాళాలు ఊడదీసి పంపించండి అన్నారు. 2020 జూన్‌లో శాంసంగ్ బ్లూ-రే ప్లేయర్లు అదే పనిగా ఆరి వెలుగుతూ ఉండిపోయాయి. ఇంట్లో కూర్చుని చెయ్యగలిగిందేమీ లేక, బాగుచేయడానికి కంపెనీకి పంపించాల్సి వచ్చింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ పంపిన ఒక చెడ్డ ఫైలుకి 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. విమానాలు ఆగాయి. ఆ రోజు మనలో చాలామందికి నిద్ర లేదు. అయినా ఆ యంత్రాలు లేచాయి. ఎందుకని? సేఫ్ మోడ్ అనే దొడ్డిగుమ్మం ఉంది కాబట్టి. ఒక మనిషి యంత్రం ముందు కూర్చుని, ఆ గుమ్మంలోంచి వెళ్ళి, ఒక ఫైలు తీసెయ్యగలిగాడు కాబట్టి. పని విసుగే, ఒక్కొక్క యంత్రం దగ్గరికీ నడవాల్సి వచ్చింది. కానీ ఆ గుమ్మం లేకపోతే 85 లక్షల పెట్టెల్ని ఏ రిపేరు కేంద్రానికి పంపేవాళ్ళం?

కాబట్టి మన పక్షాన చెయ్యగలిగినవి నాలుగు చెబుతాను. ఒకటి, ఫర్మ్‌వేరుకి రెండు అరలుంచడం. ఒక అరలో పాతది నడుస్తుండగా రెండో అరలో కొత్తది రాయాలి. కొత్తది లేచి “నేను బాగున్నాను” అని చెప్పేదాకా పాతదాన్ని చెరపకూడదు. ఆండ్రాయిడ్‌లో 2016 నాటి 7వ వెర్షను నుంచీ ఈ పద్ధతి ఉంది. ఫ్లాష్ ధర పెరుగుతుందంటారు. ఒక్క రవాణా ఖర్చుతో ఎంత ఫ్లాష్ వస్తుందో లెక్క వేసి చూపించండి. రెండు, ఫైలు ఏ బోర్డుకి చెందిందో రాయడం మొదలుపెట్టకముందే సరిచూడటం. చెరిపేశాక సరిచూడటం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. మూడు, మనిషి చెయ్యి పడితే తప్ప తెరుచుకోని జంపరో, మీటో ఒకటి ఉంచడం. నాలుగు, ఆ గుమ్మంలోంచి వెళ్ళడానికి కావలసిన ఫైలునీ పద్ధతినీ అమ్మకం ఆపేసిన తరవాత కూడా అందుబాటులో ఉంచడం. గుమ్మం ఉండి దారి తెలియకపోతే లేనట్టే.

కొనేవాళ్ళకి కూడా ఒక సలహా. పాత మైనరు కొనేముందు దాని వేగం, కరెంటు లెక్కలు అందరూ అడుగుతారు. లోపల ఏ కంట్రోల్ బోర్డు ఉంది, అప్‌డేటు చెడితే ఎలా లేపాలి అని కూడా అడగండి. జవాబు తెలిసిన రోజునే సరైన ఫైలు ఒక కార్డులో పెట్టి, పెట్టె మీద టేపుతో అంటించండి. బాగా నడుస్తున్న యంత్రానికి కొత్త వెర్షను వచ్చిందన్న ఒక్క కారణంతో అప్‌డేటు కొట్టకండి. అందులో భద్రతకి సంబంధించిన దిద్దుబాటు ఉంటే మాత్రం వెయ్యండి, ఉరుములూ మెరుపులూ లేని రోజు చూసుకుని.

అమెరికాలో న్యూయార్కు, మినసోటా, కాలిఫోర్నియా, ఆరెగన్ రాష్ట్రాల్లో ఎలక్ట్రానిక్ వస్తువులను బాగుచేసుకునే హక్కు మీద చట్టాలు వచ్చాయి. ఐరోపా సమాఖ్య కూడా 2024లో ఒకటి చేసింది. ఇవన్నీ మంచివే, కానీ చట్టం మెల్లగా నడుస్తుంది, మినహాయింపులు చాలా ఉంటాయి. చట్టం మన బోర్డు దాకా వచ్చేలోపు ఆ బోర్డు గీసేవాళ్ళమూ, ఆ బూట్‌లోడరు రాసేవాళ్ళమూ మనమే. డిజైను సమీక్షల్లో గంటల తరబడి కూర్చుంటాం. అప్‌డేటు ఎంత వేగంగా వెళుతుందో, ఎన్ని యంత్రాలకి ఒకేసారి పంపగలమో గొప్పగా చెప్పుకుంటాం. ఈసారి సమీక్షలో ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఇది చెడిపోయిన రోజున, మన కంపెనీ మూతపడిపోయి ఉంటే, పెట్టె ముందు నిలబడ్డ మనిషి ఏం చెయ్యగలడు? గదిలో ఎవరూ మాట్లాడకపోతే ఆ బోర్డు ఇంకా ఫ్యాక్టరీకి పంపడానికి తయారుగా లేదన్నమాట.